గాలపాగోస్ దీవుల్లో: బాల్ట్రా నుంచి ఎస్పన్యోలా దాకా

మొదటి రోజు: బాల్ట్రా, నార్త్ సేమూర్

ఈక్వడార్ రాజధాని కీటో విమానాశ్రయంలో గాలపాగోస్ దీవులకు వెళ్ళేవారి కోసం విడిగా ఒక కౌంటరు ఉంది. బోర్డింగ్ పాసు తీసుకోకముందే అక్కడ 20 డాలర్లు కట్టి అనుమతి కార్డు పొందాలి. తరువాత సామానంతా తనిఖీ యంత్రం గుండా పంపి సీలు వేయించుకోవాలి. పండ్లు, విత్తనాలు, పచ్చి కూరలు, మొక్కలు, మట్టి అంటిన బూట్లు, వీటిలో దేన్నీ దాటనివ్వరు. జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మా పెద్దక్కయ్యకు ఈ సంగతి ముందే తెలుసు కనుక, రాజమండ్రిలో బయలుదేరేటప్పుడే ఆవాలు, మెంతులు, ధనియాల పొట్లాలన్నీ నా చేత సంచుల్లోంచి తీయించింది. "మొలకెత్తే గింజ ఒక్కటి కూడా మనతో రాకూడదురా తమ్ముడూ" అంది.

విమానం గ్వయాకిల్‌లో ఆగి, పసిఫిక్ మీదుగా పడమటి దిక్కుకు సాగింది. దిగడానికి కొద్దిసేపటి ముందు సిబ్బంది తల మీది సామాను అరలన్నీ తెరిచి, వాటిలో పురుగుమందు చల్లుకుంటూ నడిచారు. దక్షిణ అమెరికా తీరానికి సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో అగ్నిపర్వతాల వల్ల పుట్టిన ఈ దీవులు ఏనాడూ ఏ ఖండంతోనూ కలిసి లేవు. ఇక్కడి ప్రాణుల పూర్వీకులు ఎగిరో, ఈదో, వరదకు కొట్టుకొచ్చిన చెట్ల తెప్పలెక్కో వచ్చి చేరాయి. ఆ దూరాన్ని దాటలేక కప్పలు, పెద్ద క్రూరమృగాలు ఖండంలోనే ఆగిపోయాయి. దాటగలిగినవి తమను వేటాడేవి లేని చోట లక్షల ఏళ్ళు బతికి, పారిపోవలసిన అవసరాన్నే మరిచిపోయాయి. ఇప్పుడు అదే దూరాన్ని విమానం రెండు గంటల లోపే దాటేస్తోంది. ఇన్నాళ్ళూ సముద్రం కాసిన కాపలాను ఇక మీదట తనిఖీ యంత్రాలు, పురుగుమందు డబ్బాలు, నియమ నిబంధనలే కాయాలి. ఈ యాత్రలో నేను చూసినదంతా ఈ విషయం చుట్టూనే తిరిగింది.

బాల్ట్రా చదునుగా, ఎర్రగా, ఎండిపోయి ఉన్న దీవి. ఆగస్టు నెల కావడంతో పాలో సాంతో చెట్లకు ఒక్క ఆకు లేదు, తెల్లటి కొమ్మలు మాత్రమే నిలబడి ఉన్నాయి. విమానాశ్రయంలో విదేశీయులు కట్టే జాతీయ పార్కు ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు 100 డాలర్లే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం ఇక్కడ వైమానిక స్థావరం నడిపింది. ఈ దీవిలో ఒకప్పుడు విరివిగా ఉండిన నేల ఇగ్వానాలు అనే పెద్ద బల్లులు గత శతాబ్దం మధ్యకల్లా పూర్తిగా అంతరించాయి. అయితే 1930ల తొలి ఏళ్ళలో ఒక అమెరికన్ పరిశోధక బృందం ఇక్కడి నుంచి సుమారు 70 ఇగ్వానాలను పట్టి, పక్కనే ఉన్న నార్త్ సేమూర్ దీవిలో వదిలింది. వాటి సంతతినే పెంచి, 1991 నుంచి మళ్ళీ బాల్ట్రాకు తెచ్చారు. మా బస్సు రేవుకు వెళ్ళే దారిలో పసుపు వన్నె ఇగ్వానా ఒకటి రోడ్డు దాటుతుంటే డ్రైవరు ఇంజను ఆపి, అది అవతలి అంచు చేరేవరకు కదలలేదు.

మధ్యాహ్నం ఓడ ఎక్కి, సాయంత్రానికి నార్త్ సేమూర్ చేరాం. మాది 16 మంది ప్రయాణికులకు మించి ఎక్కించుకోని చిన్న ఓడ. పార్కు నియమం ప్రకారం గైడు లేకుండా ఎవరూ ఈ దీవుల మీద నడవకూడదు, ఒక్కో గైడు వెంట 16 మందికి మించకూడదు, జంతువులకు రెండు మీటర్ల దూరం పాటించాలి, ఫ్లాష్ వాడకూడదు, గుర్తు కర్రలు పాతిన బాట దాటకూడదు. మా గైడు శాంతా క్రూజ్ దీవిలోనే పుట్టి పెరిగిన మహిళ. ఈ నియమాలను ఆమె బతిమాలుతున్నట్టు చెప్పలేదు, ఖచ్చితంగా చెప్పింది. నాకు అది నచ్చింది.

బాట పక్కనే నీలికాళ్ళ బూబీ జంట ఒకటి కనిపించింది. మగ పక్షి ఒక పాదం ఎత్తి, కాసేపు అలాగే ఉంచి దించి, రెండోది ఎత్తింది. తరువాత రెక్కలు వెనక్కి విరిచి, తోక నిక్కించి, ముక్కు ఆకాశానికి ఎత్తి సన్నగా ఈల వేసింది. చివరికి నేల మీదున్న ఎండు పుల్ల ఒకటి తీసి ఆడ పక్షి ముందు పెట్టింది. ఈ పక్షులు పుల్లలతో గూడు కట్టవు, వట్టి నేల మీదే గుడ్లు పెడతాయి. అయినా పుల్ల ఇవ్వడం మాత్రం మానలేదు. పాదాల నీలి రంగు తాజా చేపల నుంచి వచ్చే కెరొటినాయిడ్ పదార్థాల వల్ల నిలుస్తుంది. కొన్ని రోజులు తిండి సరిగా లేకపోతే రంగు మందగిస్తుంది కాబట్టి, ఆడ పక్షి ఆ పాదాల్లో మగ పక్షి ఆరోగ్యాన్ని చూసుకుంటుంది. పైన పొదల్లో మగ ఫ్రిగేట్ పక్షులు మెడ కింది ఎర్రటి తిత్తులను ఉబ్బించుకుని కూర్చున్నాయి. వాటి ఈకలకు నీటిని ఆపే గుణం చాలదు కనుక అవి సముద్రం మీద వాలలేవు. అందుకే బూబీలు పట్టిన చేపలను గాలిలోనే లాక్కుంటాయి.

రెండో రోజు: బార్తొలోమే, సల్లివాన్ తీరం

ఈ దీవులు ఎలా పుట్టాయో కళ్ళతో చూడాలంటే బార్తొలోమేకు రావాలి. చదరపు కిలోమీటరుకు కాస్త మించిన విస్తీర్ణమున్న ఈ చిన్న దీవిలో నేల దాదాపు మొత్తం బూడిద, లావా ముద్దలే. జనం అడుగులకు బూడిద జారిపోకుండా శిఖరం వరకు చెక్క మెట్లు కట్టారు. 114 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం నుంచి చూస్తే, లావా తుంపరలు పేరుకుని ఏర్పడిన చిన్న చిన్న శంకువులు, సముద్రంలోకి నిలువునా లేచిన పినకిల్ శిల, అవతల సాంటియాగో దీవి మీద పరుచుకున్న నల్లటి లావా మైదానం అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి.

భూగర్భంలో ఒకే చోట నిలకడగా ఉన్న వేడి బిందువు నుంచి శిలాద్రవం పైకి వస్తోంది. దాని మీదుగా నాజ్కా అనే భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున దక్షిణ అమెరికా వైపు జరుగుతోంది. అందువల్ల పడమటి దీవులైన ఫెర్నాండినా, ఇసబెలా వయసులో చిన్నవి, ఇంకా రగులుతున్నాయి. తూర్పున ఉన్న సాన్ క్రిస్టోబల్, ఎస్పన్యోలా ముప్ఫై నలభై లక్షల ఏళ్ళ నాటివి. చల్లారి, అరిగి, నెమ్మదిగా కుంగిపోతున్నాయి. వాటికి ఇంకా తూర్పున పూర్తిగా మునిగిపోయిన పాత దీవులున్నాయి. ఆ నీటి అడుగు కొండల మీద అలల తాకిడికి నునుపెక్కిన గులకరాళ్ళు దొరకడంతో, అవీ ఒకప్పుడు నీటి పైనే ఉండేవని రుజువైంది. కనుక ఇక్కడి జీవులకు నేటి దీవుల కంటే పాతవైన నివాసాలు ఉండి ఉండవచ్చు.

మధ్యాహ్నం సల్లివాన్ తీరంలో నూరేళ్ళకు కాస్త పైబడిన లావా మీద నడిచాం. కాచిన పాల మీద మీగడను వేలితో నెడితే పడే ముడతల్లాగే, గట్టిపడుతున్న పైపొరను లోపలి ప్రవాహం నెట్టడం వల్ల ఏర్పడిన ముడతలు కిలోమీటర్ల పొడవునా ఉన్నాయి. వాటి పగుళ్ళలో అక్కడక్కడా జానెడు ఎత్తు లావా కాక్టస్ తప్ప పచ్చని మొక్క కనబడలేదు. అక్కయ్య వంగి ఆ రాతి మీద చెయ్యి వేసి, "గౌరీపట్నం క్వారీల్లో మనం చూసే నల్లరాయి కూడా ఇదే జాతిరా" అంది. అది నిజం. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం, నేటి రియూనియన్ దీవి కింద ఉన్న వేడి బిందువు మీదుగా మన భూభాగం జరుగుతున్నప్పుడు వెలువడిన లావాయే దక్కన్ పీఠభూమి అయింది. దాని ప్రవాహాలు కొన్ని గోదావరి దాకా వచ్చి, రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి, గౌరీపట్నం ప్రాంతాల బసాల్ట్ అయ్యాయి. తెలంగాణ నల్లరేగడిలో కొంత భాగానికి మూలమూ ఆ దక్కన్ లావాయే. మా ఊళ్ళో కంకరగా రోడ్ల మీద పరుచుకుంటున్న రాయి పుట్టిన తీరును సల్లివాన్ తీరం లాంటి చోట చూడవచ్చు.

మూడో రోజు: ఇసబెలా ఉత్తర కొన

రాత్రంతా ఓడ ఊగింది. తెల్లవారేసరికి భూమధ్యరేఖ దాటి ఇసబెలా ఉత్తరపు కొన చుట్టి వస్తున్నాం. సముద్రగుర్రం అనే చేప ఆకారంలో ఉండే ఇసబెలా ఈ దీవులన్నిటిలోకీ పెద్దది. ఆరు అగ్నిపర్వతాలు వేర్వేరుగా లేచి, లావాతో ఒకదానినొకటి తాకి ఒకే దీవి అయ్యాయి. వాటిలో వుల్ఫ్ అగ్నిపర్వతం 1,707 మీటర్లతో దీవులన్నిటిలో ఎత్తైనది. అది 2015లోనూ, 2022లోనూ పేలింది.

పుంతా విసెంటే రోకా దగ్గర ఈక్వడార్ అనే పేరున్న అగ్నిపర్వతంలో సగం ఎన్నడో సముద్రంలోకి కూలిపోయింది. మిగిలిన సగం నిలువుగా కోసి పెట్టినట్టుంటుంది. లావా పొరలు, బూడిద పొరలు, వాటిని చీల్చుకుని లేచిన శిలాద్రవపు గోడలు అన్నీ బయటికి కనిపిస్తాయి. అక్కడ నీళ్ళలోకి దిగాం. భూమధ్యరేఖకు అతి దగ్గరలో ఉన్నా, ఒళ్ళంతా కప్పే రబ్బరు సూటు లేకుండా ఆ నీటిలో ఎక్కువసేపు ఉండలేం. క్రోమ్‌వెల్ ప్రవాహం అనే చల్లటి అంతర్జల ధార పసిఫిక్ ఉపరితలం కింద పడమటి నుంచి తూర్పుకు వచ్చి, ఈ దీవుల గోడను కొట్టుకుని, పోషకాలతో సహా పైకి లేస్తుంది. దానితో నాచు పెరుగుతుంది, నాచుతో చేప, చేపతో పెంగ్విన్. ఆకుపచ్చ సముద్ర తాబేళ్ళు రాళ్ళ మీది నాచు కొరుకుతుంటే వాటి పక్కనే ఈదాను. ఒకటి తల తిప్పి చూసి, మళ్ళీ మేతలో పడింది.

నాలుగో రోజు: ఫెర్నాండినా

ఈ యాత్రలో ఒక్క చోటనే చూడగలిగితే దేన్ని ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే నేను ఫెర్నాండినా పేరే చెబుతాను. దాదాపు 640 చదరపు కిలోమీటర్ల ఈ దీవి ఒకే అగ్నిపర్వతం. 2024 మార్చి 2 రాత్రి మొదలైన పేలుడులో లావా వాలు మీదుగా దిగి సముద్రం వరకు వచ్చింది. అంతకంటే విశేషం, మనిషి వెంట వచ్చే ఎలుక, పిల్లి, మేక ఏవీ ఇక్కడ స్థిరపడలేదు. ఇంత పెద్ద దీవి ఇంత స్వచ్ఛంగా మిగలడం ప్రపంచంలో అరుదు. అందుకే పుంతా ఎస్పినోసా దగ్గర దిగే ముందు గైడు మా చెప్పుల అడుగులు ఒక్కొక్కటీ తిరగేసి చూసి, బ్రష్‌తో కడిగించింది.

మడచెట్ల మధ్య నుంచి రాతి ఒడ్డు మీదికి ఎక్కగానే, ముందున్న నల్లటి రాళ్ళలో చాలా భాగం రాళ్ళు కావని తెలిసింది. వందల సముద్ర ఇగ్వానాలు ఒకదాని మీద ఒకటి కాళ్ళు వేసుకుని, అన్నీ సూర్యుడి వైపే ముఖం పెట్టి పడుకుని ఉన్నాయి. సముద్రంలో మునిగి నాచు మేసే బల్లి జాతి ప్రపంచంలో ఇదొక్కటే. చల్లటి నీటిలో వాటి ఒంటి వేడి పడిపోతుంది, కనుక పైకి రాగానే నల్లటి చర్మాన్ని ఎండకు పరుస్తాయి. నాచుతో పాటు మింగిన ఉప్పును ముక్కు దగ్గరి గ్రంథుల ద్వారా చీదేస్తాయి. కూర్చుని చూస్తుంటే మూడు నాలుగు నిమిషాలకొకటి చటుక్కున తల విదిల్చి, సన్నటి తుంపర చిమ్మింది. అది పక్కనున్నవాటి తల మీద పడి ఆరి తెల్లగా గట్టిపడింది. వాటి వీపుల మీద ఎర్రటి పీతలు నడిచాయి, తోకల మీదుగా చిన్న లావా బల్లులు పరుగెత్తి ఈగలు పట్టాయి. ఎల్ నినో వచ్చిన ఏళ్ళలో నీరు వేడెక్కి వాటికి ఇష్టమైన నాచు చచ్చిపోతుంది. అప్పుడు పెద్ద ఇగ్వానాల శరీరం పొడవే తగ్గుతుందనీ, మంచి కాలం తిరిగి రాగానే మళ్ళీ పెరుగుతుందనీ పరిశోధకులు కొలిచి చూశారు. బరువు తగ్గడం ఏ ప్రాణిలోనైనా చూస్తాం; ఎముక పొడవు తగ్గి పెరగడం ఎదిగిన వెన్నెముక జీవుల్లో దాదాపు వినని విషయమని అక్కయ్య అక్కడే నిలబడి మా బృందానికంతా వివరించింది.

కొన దగ్గర ఎగరలేని నీటికాకి గూడు కట్టుకుని ఉంది. మన చెరువుల మీద కనిపించే నీటికాకుల బంధువే, కానీ వాటిలోకెల్లా పెద్దది. రెక్కలు మాత్రం కుదించుకుపోయి ఈకలు రాలిన చీపురుకట్టల్లా మిగిలాయి. తరిమే శత్రువు లేడు, తిండి ఒడ్డుకు పది బారల దూరంలోనే ఉంది. ఎగరడం ఖర్చే తప్ప లాభం లేని చోట రెక్క క్షీణించి, ఈదే కాళ్ళు బలపడ్డాయి. మేం చూస్తుండగా మగ పక్షి నీటిలోంచి ఎర్రటి నాచు పోగు ఒకటి నోట కరుచుకుని వచ్చి, గూటిలో ఉన్న ఆడ పక్షికి అందించింది. ఆమె దాన్ని అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, తన కింద ఎడమవైపు కుక్కుకుంది. తరువాత మగ పక్షి రాతి మీద నిలబడి, ఎందుకూ పనికిరాని ఆ రెక్కలను పూర్తిగా చాచి ఆరబెట్టుకుంది. ఈ పక్షి ప్రపంచంలో ఫెర్నాండినా, ఇసబెలా తీరాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఒక్క కుక్కల గుంపు ఈ ఒడ్డుకు చేరితే ఏమవుతుందో ఎవరికైనా అర్థమవుతుంది.

2019 ఫిబ్రవరిలో ఈ దీవిలో ఒక ముసలి ఆడ తాబేలు దొరికింది. 1906లో సేకరించిన ఒకే ఒక్క నమూనా తప్ప ఈ దీవి తాబేలును ఎవరూ చూడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 2021లో జన్యు పరీక్షలు ఆమె ఆ జాతిదేనని తేల్చాయి. ఫెర్నాండా అని పేరు పెట్టి శాంతా క్రూజ్‌లో కాపాడుతున్నారు. ఆమెకు జోడీ కోసం ఈ లావా వాలుల మీద వెదికారు.

ఐదో రోజు: ఉర్బీనా తీరం

1954లో ఇసబెలాలోని అల్సెడో అగ్నిపర్వతం కింద శిలాద్రవం కదలడంతో ఈ తీరం ఒక్కసారిగా నాలుగైదు మీటర్లు పైకి లేచింది. అప్పటి పగడపు దిబ్బలు ఇప్పుడు ఒడ్డుకు ఎంతో లోపల, పొదల మధ్య ఎండి తెల్లబడి ఉన్నాయి. నా నడుము ఎత్తున్న ఒక పగడపు ముద్ద మీద చెయ్యి ఆనించుకుని ఎండు గడ్డిలో నిలబడ్డాను.

అల్సెడో వాలుల మీది పెద్ద తాబేళ్ళ కథకు మేకల కథ ముడిపడి ఉంది. ఓడవాళ్ళు వదిలిన మేకలు దీవి దక్షిణ భాగం నుంచి ఉత్తరానికి దాటి, 1990లు వచ్చేసరికి లక్ష దాకా పెరిగాయి. తాబేళ్ళకు నీడనూ, పొగమంచు నుంచి నీటి బొట్లనూ ఇచ్చే చెట్లను బెరడుతో సహా తినేశాయి. 1997 నుంచి 2006 వరకు సాగిన ప్రాజెక్ట్ ఇసబెలాలో హెలికాప్టర్ల నుంచి వాటిని కాల్చి నిర్మూలించారు. చివరికి దాగి మిగిలినవాటిని కనిపెట్టడానికి కొన్ని మేకలకు రేడియో పట్టీలు కట్టి వదిలారు. గుంపును వెదుక్కునే స్వభావం కనుక అవే మిగతావాటి ఆచూకీ చూపాయి. మేకను పెంచి బతికే మనవంటి నేల మీద ఈ మాట వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ ఆ మేకలను అలాగే వదిలి ఉంటే, ఈ రోజు బాట మీద మాకు ఎదురైన తాబేలు పిల్ల బతికి ఉండేది కాదు. ఆ పని చేయడమే సరైనదని నా నమ్మకం.

ఆరో రోజు: విల్యామిల్, సియెర్రా నేగ్రా

ఇసబెలా దక్షిణ కొనలో ఉన్న పుయెర్తో విల్యామిల్ ఇసుక వీధుల చిన్న ఊరు. పక్కనే ఉన్న ఉప్పునీటి మడుగుల్లో ఫ్లెమింగోలు ఉన్నాయి. పులికాట్‌లో, నేలపట్టు దగ్గర మనం చూసే వాటికంటే ఇవి ముదురు గులాబీ రంగువి, జాతి కూడా వేరు.

సియెర్రా నేగ్రా అగ్నిపర్వతపు కాల్డెరా, అంటే కుంగిన పెద్ద బిలం, అంచుకు చేరేసరికి మంచు తొలగింది. దాదాపు 10 కిలోమీటర్ల వెడల్పున్న నల్లటి పళ్ళెం ఒక్కసారిగా కాళ్ళ ముందు తెరుచుకుంది. ఇది 2005లోనూ, 2018 జూన్‌లోనూ పేలింది. పైకి వెళ్ళే దారి పొడవునా జామ చెట్లే. వాటి పండ్లు గైడు తినమంది. తిని గింజలు కూడా కింద పడేయవద్దంది. మన పెరటి జామ ఇక్కడ స్థానిక అడవిని మింగేస్తున్న కలుపు. పశువులు, పక్షులు, చివరికి తాబేళ్ళు కూడా దాన్ని ఇష్టంగా తిని, గింజలను దూరదూరాలకు మోసుకెళ్తున్నాయి. కాపాడవలసిన ప్రాణే కలుపును వ్యాపింపజేస్తుంటే ఏం చేయాలన్నది ఇక్కడి పార్కు సిబ్బందికి నిత్యం ఎదురయ్యే ప్రశ్న.

ఏడో రోజు: శాంతా క్రూజ్

పుయెర్తో అయోరా ఈ దీవుల్లో అతి పెద్ద ఊరు. దీవులన్నిటిలో కలిపి సుమారు ముప్ఫై వేల మంది నివసిస్తున్నారు. 2023లో వచ్చిన పర్యాటకులు మూడు లక్షల ఇరవై వేలకు పైనే. 1998 ప్రత్యేక చట్టం తరువాత ఈక్వడార్ పౌరులు కూడా ఇష్టానుసారం వచ్చి స్థిరపడే వీలు లేదు. పర్యాటకుల సంఖ్యకు అటువంటి కట్టడి లేదు. ఓడలు ఒకే చోటికి పక్షం రోజుల లోపు రెండోసారి వెళ్ళకూడదన్న నియమం వల్ల ఓడ ప్రయాణికుల ఒత్తిడి అదుపులో ఉంది. పెరుగుతున్నది ఊళ్ళో హోటళ్ళలో దిగి, రోజువారీ పడవల్లో తిరిగేవారు. ఈ పద్ధతి వల్ల స్థానిక కుటుంబాలకు నేరుగా డబ్బు అందుతున్న మాట వాస్తవం. దానితో పాటు సరుకు ఓడలు, వాటితో వచ్చే చీమలు, ఈగలు, మురుగునీరు, చెత్త కూడా పెరుగుతున్నాయి. రుసుము రెట్టింపు చేయడం సబబేనని నాకనిపించింది. ఆ డబ్బు తనిఖీలకూ మురుగు శుద్ధికీ చేరితేనే దానికి ప్రయోజనం.

ఉదయం చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రం పక్కనే ఉన్న తాబేళ్ళ పెంపక కేంద్రానికి వెళ్ళాం. గుడ్లను పొదిగే పెట్టెల్లో ఉష్ణోగ్రత 28 డిగ్రీల దగ్గర ఉంచితే మగ పిల్లలు, 29.5 దగ్గర ఉంచితే ఆడ పిల్లలు పుడతాయి. ఆడవి ఎక్కువ కావాలి కనుక ఎక్కువ పెట్టెలను వేడిగా ఉంచుతారు. ఎలుకలు కొరకలేనంత గట్టిగా డొప్ప పెరిగే వరకు, అంటే నాలుగైదేళ్ళు, పిల్లలను ఇక్కడే పెంచి సొంత దీవికి పంపుతారు. వీపు మీద రంగు చుక్క, అంకె వేసిన అరచేతి పాటి తాబేళ్ళు ఆకుల కోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఏ దీవికి చెందినదో ఆ రంగు చెబుతుంది.

పింటా దీవిలో 1971లో కనిపించిన ఒంటరి జార్జ్ అనే తాబేలు తన జాతిలో చివరివాడిగా 2012 జూన్ 24న ఇక్కడే చనిపోయాడు. అతని దేహాన్ని భద్రపరిచి, చల్లటి చీకటి గదిలో ఉంచారు. మెడ చాచి, ఎత్తైన నాగజెముడు ఆకును అందుకోబోతున్న భంగిమ. అక్కయ్య అక్కడ చాలాసేపు నిలబడిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో తిమింగలాల వేటగాళ్ళు ఏడాది పాటు తిండీ నీళ్ళూ లేకున్నా బతికే ఈ ప్రాణులను ఓడ అడుగున దొంతర్లుగా పేర్చి, తాజా మాంసంగా వాడుకున్నారు. ఈ దీవులన్నిటిలో అలా పోయినవి లక్షకు పైనే ఉంటాయని అంచనా.

మధ్యాహ్నం ఎగువ ప్రాంతానికి వెళ్ళాం. ఈ కాలంలో అక్కడ రోజంతా పొగమంచులాంటి సన్నటి తుంపర. చామంతి కుటుంబానికి చెందిన స్కలేసియా ఇక్కడ పది పదిహేను మీటర్ల చెట్టుగా పెరిగి అడవి అయింది. దాని నీడలో బురద గుంటలో మునిగి ఉన్న ఒక పెద్ద మగ తాబేలు మా అలికిడికి బుస్సుమని గాలి వదిలి తల లోపలికి లాక్కుంది, నిమిషం తరువాత మళ్ళీ బయటపెట్టింది. దారిలో ఒక ఫించ్ పక్షి గూడు చూపి, ఒక ఈగ గురించి గైడు చెప్పింది. బయటి నుంచి వచ్చిన ఆ ఈగ గూళ్ళలో గుడ్లు పెడుతుంది; దాని పురుగులు రాత్రిపూట పక్షి పిల్లల రక్తం పీలుస్తాయి. దీని వల్ల ఇసబెలా మడ అడవుల్లో మిగిలిన వందో ఎంతో మడ ఫించ్‌ల ఉనికే ప్రమాదంలో పడింది. 2023 సెప్టెంబరులో బర్డ్ ఫ్లూ కూడా ఈ దీవులకు చేరింది. దానికి తనిఖీ కౌంటరు అడ్డు రాదు, అది వలస పక్షుల ద్వారా వస్తుంది.

ఎనిమిదో రోజు: సాన్ క్రిస్టోబల్

స్పీడ్ బోటులో రెండు గంటలకు పైగా ప్రయాణం. గాలపాగోస్ రాష్ట్ర రాజధాని పుయెర్తో బకెరీసో మొరేనో రేవు గట్టు మీది బెంచీలను సీలయన్లు ఆక్రమించుకుని ఉంటాయి. మనుషులు పక్కనుంచి నడుస్తారు.

1835 సెప్టెంబరులో బీగిల్ ఓడలో వచ్చిన డార్విన్ తొలిసారి కాలు మోపింది ఈ దీవి మీదే. ఐదు వారాల పాటు ఈ దీవుల్లో ఉండి, నాలుగింటి మీద దిగాడు. ఆయన పేరు చెబితే అందరికీ ఫించ్‌లు గుర్తొస్తాయి. కానీ జీవజాతులు మారవన్న నమ్మకం మీద ఆయనలో తొలి అనుమానం రేపినవి మాకింగ్‌బర్డ్‌ పక్షులు. ఏ దీవిలో పట్టినదో రాసి పెట్టుకున్నాడు కనుక, దీవి మారితే పక్షీ మారుతోందని వాటిలో గమనించగలిగాడు. తాబేలు డొప్పను చూసి అది ఏ దీవిదో చెప్పగలనని అప్పటి ఉప గవర్నరు లాసన్ ఆయనతో అన్నాడు. ఆ మాట విలువ డార్విన్‌కు తరువాత గాని తెలియలేదు.

తొమ్మిదో రోజు: ఎస్పన్యోలా

ఆగ్నేయ కొసన ఉన్న ఈ పాత దీవికి సాన్ క్రిస్టోబల్ నుంచి పగటి పడవలు వెళ్తాయి. పుంతా స్వారెస్ దగ్గర దిగగానే ఎరుపూ ఆకుపచ్చా కలిసిన సముద్ర ఇగ్వానాలు కనిపించాయి. ఎస్పన్యోలా మాకింగ్‌బర్డ్ ఒకటి నేరుగా అక్కయ్య బూటు మీద వాలి, లేసు లాగి చూసి, నీళ్ళ సీసా మూత దగ్గరికి ఎగిరింది. మంచినీటి చుక్క దొరకని దీవి కాబట్టి సీసాలంటే ఏమిటో వాటికి తెలిసిపోయింది. ఒక్క బొట్టు కూడా ఇవ్వవద్దని గైడు సీసాలన్నీ సంచిలో పెట్టించింది.

ఒకప్పుడు ఈ దీవిలో తాబేళ్ళు పద్నాలుగే మిగిలాయి: పన్నెండు ఆడవి, రెండు మగవి. వాటికి తోడైన మూడో మగది, పదిహేనోది, కాలిఫోర్నియాలోని శాన్ డీగో జూ నుంచి తిరిగి తెచ్చిన డియేగో. అన్నిటినీ పెంపక కేంద్రానికి చేర్చి, 1978 నాటికి దీవి మీది మేకలను తొలగించి, పిల్లలను వదులుతూ వచ్చారు. సంఖ్య రెండు వేలకు చేరాక, 2020లో ఆ పదిహేను తాబేళ్ళనూ తిరిగి ఇక్కడికే పంపారు. తాబేళ్ళు తిని విసర్జించిన గింజల వల్ల నాగజెముడు వృక్షాలు మళ్ళీ మొలుస్తున్నాయి.

కొండ అంచున వేవ్‌డ్ ఆల్బట్రాస్‌లు అనే పెద్ద సముద్ర పక్షులు. ప్రపంచంలోని ఈ జాతి పక్షులు దాదాపు అన్నీ ఈ ఒక్క దీవి మీదే పిల్లలను కంటాయి. పసుపు ముక్కుల జంట ఒకటి ఎదురెదురుగా నిలబడి, ముక్కులను కత్తుల్లా టకటకా కొట్టుకుని, నోళ్ళు పెద్దగా తెరిచి, తలలు పైకెత్తి ఒక్క కూత కూసి, తిరిగి మొదటి నుంచి మొదలుపెట్టాయి. వాటికి కొంచెం అవతల గోధుమరంగు నూగుతో ఒక పిల్ల, తల్లి చేపనూనె తెచ్చే దాకా కదలకుండా కూర్చుని ఉంది. రెండు మీటర్లు దాటే రెక్కలున్న ఈ పక్షి చదును నేల మీద నుంచి తేలికగా లేవలేదు. మా ముందే ఒకటి తడబడే అడుగులతో రాళ్ళ మధ్య నుంచి అంచు దాకా నడిచి, గాలి కోసం ఆగి, రెక్కలు విప్పి దూకింది. మేత కోసం అది పెరూ తీరం దాకా వెళ్తుంది. అక్కడి గాలాలకూ వలలకూ చిక్కి చనిపోయేవి ఎక్కువ కావడంతో, ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే ఈ జాతి తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేరింది. దీవి మీద ఎన్ని నియమాలు పాటించినా పెరూ జలాల్లో వేట పద్ధతి మారనిదే ఈ పక్షి నిలవదని గైడు చెప్పింది. వలల దగ్గర మార్పులు తెచ్చే పని అక్కడి జాలరులతో కలిసే జరగాలి.

ఈ దీవులకు రాదలచినవారు నెల చూసుకుని రావాలి. డిసెంబరు నుంచి మే వరకు ఎండ, అప్పుడప్పుడూ వాన, నిమ్మళమైన గోరువెచ్చటి సముద్రం. సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ అప్పుడే. జూన్ నుంచి నవంబరు వరకు మబ్బు, చలినీరు, ఊపేసే అలలు. కానీ సముద్రంలో తిండి పుష్కలంగా ఉండి పక్షులు, పెంగ్విన్‌లు చురుకుగా ఉండే కాలం అదే. ఓడలో కడుపు తిప్పడం భరించగలిగితే నేను ఈ రెండో కాలాన్నే ఎంచుకోమంటాను. డబ్బు తక్కువైతే ఓడ మానుకుని పుయెర్తో అయోరాలో దిగి, రోజువారీ పడవల్లో నార్త్ సేమూర్, బార్తొలోమే చూడవచ్చు; ఫెర్నాండినాకు మాత్రం ఓడ తప్పదు. ఆల్బట్రాస్‌ల కోసమే వచ్చేవారు ఏప్రిల్, డిసెంబరు నెలల మధ్యే రావాలి, ఎందుకంటే జనవరి నుంచి మార్చి మధ్య దాకా అవి సముద్రం మీదే ఉంటాయి.